రొయ్యకు బేరం, ఫోన్‌కు భజన

నెల్లూరు జిల్లా అల్లూరులో రెండు పార్టీలున్నాయి అనగానే కొత్తవాళ్లు పసుపు, నీలం అనుకుంటారు. అవి పాతబడ్డాయి. ఆ పార్టీలవాళ్లు ఐదేళ్లకోసారి తిట్టుకుని, ఆనక ఒకరింటి పెళ్లికి ఒకరు పోయి శుభ్రంగా భోంచేసి వస్తారు. నేను చెప్పే పార్టీల మధ్య ఆపాటి మర్యాద కూడా లేదు. ఒకటి ఐఫోన్ పార్టీ, రెండోది ఆండ్రాయిడ్ పార్టీ. ఎన్నికల్లేవు కాబట్టి ఎవరూ ఓడరు. ఓడరు కాబట్టి ఎవరూ ఊరుకోరు. బస్టాండు దగ్గర టీకొట్టులో మొదలైన రచ్చ ఇసకపల్లి వైపు రొయ్యల గుంటల గట్ల దాకా పాకుతుంది.

రెండు పార్టీల అధినేతలూ సముద్రాల అవతల ఉంటారు. ఆపిల్ ఆయన కొలువు కుపర్టినోలో, గూగుల్ ఆయనది మౌంటెన్‌వ్యూలో. ఒకే రాష్ట్రం, ఒకే లోయ. రోడ్డు ఖాళీగా ఉంటే కారులో పావుగంట. వాళ్ల మధ్య పావుగంట దూరమే గానీ ఇక్కడ వాళ్ల కార్యకర్తల మధ్య ఉన్న దూరం మాత్రం ఏ కారూ దాటలేదు. పోనీ జీతమా, బత్తానా, ఊరేగింపుకు పోతే ఇచ్చే బిర్యానీ పొట్లమా? ఏదీ లేదు. సభ్యత్వ రుసుము ఎదురు కట్టాలి. ఐఫోన్ పార్టీలో 2025లో వచ్చిన ఐఫోన్ 17 సభ్యత్వం రూ.82,900 నుంచి మొదలైంది. ఆండ్రాయిడ్ పార్టీది పేదల పార్టీ, పెద్దల పార్టీ కూడా: పదివేలకూ సభ్యత్వం ఉంది, లక్ష దాటీ ఉంది. దేశంలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఆ పార్టీలోనే ఉన్నారు. అయినా మైనారిటీ పార్టీకే గొంతు పెద్దది.

2025 సెప్టెంబరు 9 రాత్రి పదిన్నరకు కుపర్టినోలో ఐఫోన్ 17 పండగ మొదలైంది. అక్కడప్పుడు పొద్దున పది గంటలు. మన గుంటల మీద అది కాపలా వేళ. ఏరియేటర్లు తిరుగుతున్నాయా, కరెంటు పోతే జనరేటర్ అందుకుందా అని చెవులు రిక్కించి కూర్చునే వేళ. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే రొయ్య పైకి తేలుతుంది. రొయ్య తేలిందంటే తెల్లారేసరికి రైతు మునుగుతాడు. అలాంటి వేళలో మన కుర్రాళ్లు ఒక కన్ను నీళ్ల మీద, ఒక కన్ను కుపర్టినో మీద వేసి, ఫోన్ వెనక ఎన్ని కెమెరాలు, ఎక్కడ పెట్టారు, ఎందుకు జరిపారు అని తెల్లవార్లూ చర్చించుకున్నారు. ఆ శ్రద్ధలో పావు వంతు మేత లెక్క మీద పెట్టుంటే పంట ఖర్చు కొంతైనా తగ్గేది.

మొన్నామధ్య ఒక గుంట గట్టున బావా బావమరుదులిద్దరు పట్టుబడికి ముందు శాంపిల్ తీస్తున్నారు. బావమరిది చేతిలో ఐఫోన్ 17 ప్రో మ్యాక్స్, ఖరీదు రూ.1,49,900. రంగు నారింజ. కంపెనీ ఆ రంగుకు ఆకాశంలోంచి ఏదో పేరు దించింది గానీ, అల్లూరులో పిల్లాణ్నడిగినా అది ఉడికిన రొయ్య రంగని చెబుతాడు. ఉప్పునీళ్లు తగులుతాయని దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పైన రబ్బరు బ్యాండేశాడు. అంటే లక్షన్నర పోసి కొన్న రంగు అర్ధరూపాయి సంచిలో దాక్కుంది.

"ఏంది బావా, ఇంకా ఆ డబ్బానేనా? దానికి సెక్యూరిటీ ఉండదు తెలుసా?"

"నా ఫోన్లో దాచుకునేంత రహస్యం ఏముండాదిరా? పంట రుణం సంగతి బ్యాంకోళ్లకు తెలుసు, మేత బాకీ సంగతి కొట్టోడికి తెలుసు. ఇంక మిగిలిందెవరు? సరే గానీ, నీ కిస్తీ ఎన్నాళ్లు?"

"ఇరవై నాలుగు నెలలు. నో కాస్ట్ బావా!"

"కాస్ట్ లేకుండానే లక్షన్నరైందా! కాస్ట్ గనక ఉండుంటే గుంట రాసియ్యాల్సొచ్చేదేమో."

వలలో పడ్డ రొయ్యను అరచేతిలో పెట్టి ఇద్దరూ చెరో ఫొటో తీశారు. ఇద్దరూ ఒకే వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కొనేవాడి దగ్గర్నుంచి జవాబు ఒక్కటే వచ్చింది: "యాభై కౌంటు రాదన్నా, అరవై రాసుకో." కౌంటంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. అంకె పెరిగేకొద్దీ ధర దిగుతుంది. ఎన్ని మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసినా రొయ్య గ్రాము బరువు పెరగదని ఆ రోజు రెండు పార్టీలకూ ఒకేసారి తెలిసింది. తెలిసీ ఏం లాభం, సాయంత్రానికి టీకొట్టు దగ్గర మళ్లీ మొదలు.

ఇక్కడ ఇంత జరుగుతుంటే పైన అధినేతలు ఏం చేస్తున్నారో చూడండి.

2022 ఒక్క ఏడాదిలోనే గూగుల్ ఆపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు కట్టింది. ఎందుకంటే, ఐఫోన్‌లో సఫారీ తెరిచి ఎవరేం వెతికినా ముందు గూగులే పలకాలని. ఈ సంగతి వాళ్లంతట వాళ్లు చాటింపేసి చెప్పలేదు. గుత్తాధిపత్యం మీద అమెరికా న్యాయశాఖ వేసిన కేసు కాగితాల్లో బయటపడింది. 2024 ఆగస్టు 5న జడ్జి అమిత్ మెహతా, వెతుకులాట వ్యాపారంలో గూగుల్‌ది చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యమేనని తీర్పిచ్చాడు. మరుసటేడు సెప్టెంబరులో శిక్ష చెప్పేటప్పుడు, మావాణ్ని తప్ప ఇంకొకణ్ని గడప తొక్కనివ్వొద్దు అనే ఒప్పందాలు కుదరవన్నాడు, డబ్బు కట్టడం మాత్రం మానక్కర్లేదన్నాడు. అంటే ఇస్తున్నవాడు ఇస్తూనే ఉంటాడు, పుచ్చుకుంటున్నవాడు పుచ్చుకుంటూనే ఉంటాడు. పగవాళ్లంటే ఇలా ఉండాలి.

అది చాలదన్నట్టు 2026 జనవరిలో రెండు కంపెనీలూ కలిసి ఒక ప్రకటన చేశాయి. ఆపిల్ ఏఐకి, దాని సిరికి ఇకమీదట పునాది గూగుల్ జెమినై. ఆండ్రాయిడ్‌లో బుర్ర లేదని టీకొట్టు బల్ల గుద్ది నిరూపిస్తున్న మన ఐఫోన్ కార్యకర్తకు ఈ వార్త చేరేసరికి, ఆ బుర్ర అద్దెకు తెచ్చుకునే ఒప్పందం అయిపోయింది. ఆండ్రాయిడ్ కార్యకర్త ఆ వార్త చదివి గంతులేశాడు. తన అధినేత శత్రువుకు ఆయుధం అమ్మాడన్న సంగతి అతనికి తట్టనే లేదు.

వీళ్లు ఒకళ్లనొకళ్లు ఎక్కిరించుకోవడం కూడా చూడముచ్చటగా ఉంటుంది. 2016లో ఆపిల్ ఐఫోన్ 7 నుంచి హెడ్‌ఫోన్ రంధ్రం తీసేసింది, దానికి ధైర్యమని పేరు పెట్టింది. ఆండ్రాయిడ్ ఫోన్లు చేసే సామ్‌సంగ్ పగలబడి నవ్వి ప్రకటనలు తీసింది. 2019లో నోట్ 10 నుంచి తనూ తీసేసింది. 2020 అక్టోబరులో ఆపిల్ డబ్బాలోంచి ఛార్జర్ తీసేసింది. సామ్‌సంగ్ మళ్లీ నవ్వింది. మూడు నెలలు తిరిగేసరికి ఎస్21 డబ్బాలోంచి ఛార్జర్ మాయమైంది. పెళ్లికూతురి పుట్టింటివాళ్లు అల్లుడికి ఫోన్ పెడితే, డబ్బా విప్పిన వియ్యపురాలు "ఛార్జర్ మీరే ఉంచుకున్నారా వదినా?" అని అడిగే రోజులు దాంతోనే వచ్చాయి. పర్యావరణం కోసమట. పర్యావరణం బాగుపడిందో లేదో గానీ ఛార్జర్ల అమ్మకం బాగుపడింది.

తీగ సంగతీ అంతే. నీ తీగ నా ఫోన్‌కు పట్టదు, నా తీగ నీ ఫోన్‌కు పట్టదు అని ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో అన్నదమ్ములు కొట్టుకున్నారు. ఆ కొట్లాటను తీర్చింది అభిమానులు కాదు, యూరప్ వాళ్ల చట్టం. 2023లో ఐఫోన్ 15కు ఆపిల్ టైప్-సీ పెట్టక తప్పలేదు. అప్పటిదాకా తమ తీగే గొప్పదని వాదించిన కార్యకర్త, ఆ మర్నాటి నుంచి టైప్-సీయే గొప్పదని అదే గొంతుతో వాదించాడు. నాయకుడు పార్టీ మారితే వెంట కండువా మార్చుకోవడం మనకు కొత్త కాదులెండి.

కమీషన్ దగ్గరికొస్తే అసలు సంగతి బయటపడుతుంది. యాప్ లోపల డిజిటల్ సరుకు అమ్మితే ఆపిల్ నూటికి ముప్ఫై తీసుకునేది, గూగుల్ నూటికి ముప్ఫై తీసుకునేది. చిన్నవాళ్ల గోల పెరిగాక 2021 జనవరి నుంచి ఆపిల్ వాళ్లకు పదిహేను చేసింది. ఆ ఏడాది జులై నుంచి గూగుల్ కూడా వాళ్లకు పదిహేను చేసింది. ఇద్దరు ప్రాణశత్రువులు, ఒకే అంకె, ఒకే తగ్గింపు, ఆర్నెల్ల తేడా. నూటికి ముప్ఫై కోస్తానని ఏ కమీషన్ ఏజెంటైనా అల్లూరు సెంటర్‌లో నిలబడి అంటే, నెల్లూరు బస్సు ఎక్కేదాకా కూడా ఊరు అతన్ని నిలబడనివ్వదు. కుపర్టినోవాడు, మౌంటెన్‌వ్యూవాడు అంటే మాత్రం దాన్ని ప్లాట్‌ఫారమ్ అంటాం.

శిక్షలు కూడా పంచుకునే పడతారు. అప్‌డేట్ పేరుతో పాత ఫోన్లను నెమ్మదింపజేశారని 2018 అక్టోబరులో ఇటలీలో ఒకే రోజు ఇద్దరికీ జరిమానా వేశారు: ఆపిల్‌కు కోటి యూరోలు, సామ్‌సంగ్‌కు యాభై లక్షలు. అదే బ్యాటరీ గొడవలో ఆపిల్ 2020లో అమెరికా వినియోగదారులకు 50 కోట్ల డాలర్ల దాకా కట్టడానికి ఒప్పుకుంది. అల్లూరులో ఫోన్ నెమ్మదించినవాడికి దక్కింది సలహా: "కొత్తది తీసుకో అబ్బయా, ఎక్స్చేంజ్ ఆఫర్ ఉండాది."

మన దేశంలోనూ దెబ్బలు పడ్డాయి, కాదన్ను. ఆండ్రాయిడ్ బలాన్ని చూసుకుని పోటీని తొక్కేసిందని 2022 అక్టోబరు 20న కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. ఐదు రోజుల తర్వాత ప్లే స్టోర్ చెల్లింపుల మీద మరో రూ.936.44 కోట్లు. మొదటిది ట్రైబ్యునల్‌లో నిలబడింది, రెండోది రూ.216.69 కోట్లకు కరిగింది. ఆపిల్ మీద 2021లో మొదలైన విచారణ సాగుతుండగానే, జరిమానాను ప్రపంచవ్యాప్త ఆదాయం మీద లెక్కగట్టే చట్టం చెల్లదంటూ ఆ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. పంట పోయినవాడికి నష్టం లెక్క కట్టడానికి ఊరు దాటి చూడని దేశంలో, కంపెనీ జరిమానాకు మాత్రం లోకమంతా కొలవాలా వద్దా అని లాయర్లు వాదిస్తున్నారు.

ఇక అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి. అక్కడ బుడగల కులం ఒకటుంది. ఐఫోన్ నుంచి ఐఫోన్‌కు పోయే మెసేజ్ నీలం బుడగ, ఆండ్రాయిడ్‌తో మాట్లాడితే ఆకుపచ్చ బుడగ. పచ్చబుడగ వాణ్ని గ్రూపులో కలుపుకోవడం అక్కడి కుర్రకారుకు నామోషీ. 2022 సెప్టెంబరులో ఒక సభలో ఒకాయన లేచి, మా అమ్మది ఆండ్రాయిడ్, నేను పంపే వీడియోలు ఆవిడకు సరిగా చేరడం లేదు, ఏమైనా చేస్తారా అని ఆపిల్ అధినేత టిమ్ కుక్‌ను అడిగాడు. మీ అమ్మకు ఐఫోన్ కొనివ్వు అన్నాడు ఆయన. సభ నవ్వింది. అమెరికా న్యాయశాఖ నవ్వలేదు, 2024 మార్చిలో ఆపిల్ మీద వేసిన కేసులో ఆ మాటను కూడా చేర్చింది. ఆ ఏడాది సెప్టెంబరుకల్లా ఐఫోన్‌లో ఆర్‌సీఎస్ అనే మెసేజ్ పద్ధతి వచ్చింది, వీడియోలు బాగానే పోతున్నాయి. బుడగ మాత్రం పచ్చగానే ఉంది. సౌకర్యం ఇచ్చినా వర్ణం ఇవ్వలేదు.

డల్లాస్‌లో ఉన్న అల్లూరు కుర్రాడు కిందామీదా పడి నీలం కులంలో చేరతాడు. ఇక్కడ వాళ్లమ్మ చేతిలో మూలన పగిలిన ఆండ్రాయిడ్ ఉంటుంది. ఆవిడకు బుడగల వర్ణవ్యవస్థ తెలియదు. వాట్సాప్‌లో వీడియో కాల్ నొక్కి, కెమెరా సీలింగ్ ఫ్యాన్ వైపు తిప్పి, "ఏం నాయనా, తిన్నావా?" అంటుంది. ఈ ప్రశ్న ఏ ప్లాట్‌ఫారమ్ మీదైనా ఒకేలా వినబడుతుంది.

మూడో పార్టీ లేదా అని అడిగేవాళ్లుంటారు. ఉండేది. పేరు విండోస్ ఫోన్. దాని అంత్యక్రియలు చేసింది మన తెలుగాయనే. అనంతపురం జిల్లా బుక్కాపురం మూలాలున్న సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టాడు. ఆ ఊళ్లో టపాసులు పేల్చాలా, హైదరాబాద్‌లో పేల్చాలా అని మనం తేల్చుకునేలోపే, అంతకుముందున్న పెద్దమనిషి కుదిర్చిన నోకియా ఫోన్ల బేరం ఆయన ఒళ్లో పడింది. 720 కోట్ల డాలర్ల బేరం. 2015 జులైలో దానికి సంబంధించి 760 కోట్ల డాలర్లు ఖాతాలోంచి కొట్టేసి, 7,800 ఉద్యోగాలు తీసేశాడు. 2020 జనవరితో విండోస్ ఫోన్లకు చివరి అప్‌డేట్లూ ఆగాయి. ఆ బేరంలో చేరని శ్రీపెరుంబుదూరు నోకియా ఫ్యాక్టరీ అప్పటికే, 2014 నవంబరు 1న, తలుపులు మూసేసింది. వేలమంది రోడ్డున పడ్డారు.

విండోస్ ఫోన్‌కూ ఒకప్పుడు అభిమానులుండేవాళ్లు. ఆండ్రాయిడ్ కన్నా సాఫీగా తిరుగుతుందని, ఐఫోన్ కన్నా అందమని, వాళ్లూ గొంతు చించుకునే వాదించారు. పార్టీ మూసేసేముందు అధినేత వాళ్లనెవర్నీ పిలిచి అడగలేదు. నష్టం లెక్కలో షేర్‌హోల్డర్ల పేరిట ఒక వరుస ఉంది, అభిమానుల పేరిట లేదు. ఇప్పటి రెండు పార్టీల కార్యకర్తలూ ఆ కాగితాన్ని ఒకసారి చదువుకోవడం ఆరోగ్యానికి మంచిది.

తెలుగువాడి చేతిలో ఒక ప్లాట్‌ఫారమ్ పోతే, తెలుగు అక్షరం దెబ్బకు ఇంకోటి కూలబడింది. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే అక్షరాన్ని, మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతం ఇరికించి పంపితే, ఐఫోన్‌లో మెసేజ్ యాప్ తెరిచీ తెరవగానే కుప్పకూలేది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోన్ మొత్తమే తిరిగి తిరిగి పడేది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి ఆపిల్ దాన్ని సరిచేసింది. తెలుగు లిపి ప్రపంచమంతా వార్తల్లోకెక్కిన అరుదైన వారం అది. పద్యం రాసినందుకు కాదు, ఫోన్ పడగొట్టినందుకు.

ఆండ్రాయిడ్ పార్టీకి ఆ వారం దసరా. చూశారా మా తెలుగు దెబ్బ అని తొడగొట్టారు. ఆ తొడగొట్టిన మెసేజులు ఏ లిపిలో ఉన్నాయో చూడండి: అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగే. తెలుగు కీబోర్డు రెండు ఫోన్లలోనూ ఉంది. రెండు పార్టీల్లోనూ దాన్ని ముట్టుకునేవాళ్లు తక్కువే. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇరుపక్షాలదీ ఏకాభిప్రాయం.

అల్లూరు నుంచి నెల్లూరు మీదుగా చెన్నై రోడ్డు పట్టుకుంటే తడ దగ్గర శ్రీసిటీ తగులుతుంది. 2015 ఆగస్టు 10న విశాఖలో షావోమీ రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విడుదల చేసింది, ధర రూ.6,999. మేడిన్ ఇండియా అని చప్పట్లు మోగాయి. దాన్ని బిగించింది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ. అక్కడ పనిచేసేది ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు. ఇదే ఫాక్స్‌కాన్ శ్రీపెరుంబుదూరులో ఐఫోన్లు బిగిస్తుంది, తెలంగాణలో కొంగరకలాన్‌లో ఆపిల్ చెవి గొట్టాలు బిగిస్తుంది. రెండు పార్టీల ఫోన్లకూ పుట్టిల్లు ఒక్కటే. పగలు ఏ ఫోన్ బిగించినా ఆ పిల్ల రాత్రికి హాస్టల్‌కెళ్లి కిస్తీల మీద కొన్న ఫోన్లోనే ఇంటికి మాట్లాడుతుంది.

పైనున్న ప్రభువులకూ ఈ జబ్బు అంటుకుంది. 2016 మేలో టిమ్ కుక్ వచ్చి హైదరాబాద్‌లో ఆపిల్ మ్యాప్స్ కేంద్రం తెరిస్తే ఒక రాష్ట్రం మీసం మెలేసింది. 2025 అక్టోబరు 14న విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రం పెడతామని గూగుల్ ప్రకటిస్తే రెండో రాష్ట్రం మీసం మెలేసింది. ఇక రెండు రాష్ట్రాల అభిమానులూ మా డేటా సెంటర్ గొప్పా, మీ చెవి గొట్టాలు గొప్పా అని మొదలెట్టారు. నీళ్లెన్ని, కరెంటెంత, ఉద్యోగాలెన్ని, రాయితీ ఎంత అని అడిగినవాణ్ని మాత్రం రెండు వైపులా రాష్ట్రద్రోహి అన్నారు.

రొయ్యకు, ఫోన్‌కు ఉన్న బంధుత్వం 2025 ఆగస్టు 6న తేలిపోయింది. ఆ రోజు వైట్‌హౌస్‌లో టిమ్ కుక్ అమెరికా అధ్యక్షుడు ట్రంప్‌కు గాజు పలక కానుకగా ఇచ్చాడు. దాని పీట 24 క్యారెట్ల బంగారం. అమెరికాలో మరో 10,000 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతామని మాటిచ్చాడు. సరిగ్గా ఆ రోజే ట్రంప్ భారత సరుకుల మీద ఇంకో 25 శాతం సుంకం వడ్డించే ఉత్తర్వు మీద సంతకం చేశాడు. ఆగస్టు 27 నుంచి మొత్తం 50 శాతమైంది. స్మార్ట్‌ఫోన్లకు మినహాయింపు దొరికింది. రొయ్యకు దొరకలేదు. పైగా రొయ్య మీద పాత సుంకాలు ముందునుంచే ఉన్నాయి.

దేశంలో రొయ్యల సాగుకు పెద్దదిక్కు ఆంధ్ర. మన రొయ్యకు పెద్ద గిరాకీ అమెరికా. మన దేశంలో బిగించిన ఐఫోన్ దర్జాగా నడిచిపోయిన గుమ్మం దగ్గర, మన దేశంలో పెరిగిన రొయ్యను ఆపి జేబులు తడిమారు. వార్త వచ్చిన వారంలోనే గుంటల దగ్గర ధర పడింది, కొనేవాళ్లు ముఖం చాటేశారు. అల్లూరు ఐఫోన్ కార్యకర్త ఆ వార్తను ఐఫోన్లోనే చదివాడు. తన పంట మునుగుతుంటే తన పార్టీ తేలిందని గర్వపడాలో, ఏడవాలో తెలియక స్టేటస్ పెట్టాడు. రొయ్య తరఫున బంగారు పీట మోసుకుపోయేవాడు ఎవరూ లేరు మరి. రొయ్యకు అభిమాన సంఘం లేదు.

ఇంతకీ అల్లూరును ఏలుతున్నది ఆపిలూ కాదు, గూగులూ కాదు. మూడోవాడు మెల్లగా వచ్చి కూర్చున్నాడు. 2014లో 1,900 కోట్ల డాలర్లకు వాట్సాప్‌ను కొన్న ఫేస్‌బుక్, ఇప్పటి మెటా. రొయ్య ధర అందులో, పెళ్లిపిలుపు అందులో, చావుకబురు అందులో. 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం మెటాతో ఒప్పందం రాసుకుంది. 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకొచ్చాయి. ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదంటే ఎవరికి చేదు? కాగితం కోసం మూడు సంతకాలు, ముప్ఫై రోజులు తిరిగినవాడు సంతోషించకుండా ఉంటాడా? సంతోషించాల్సిందే. కాకపోతే, ప్రభుత్వంతో మాట్లాడాలన్నా పరాయి కంపెనీ వరండాలో నిలబడి మాట్లాడుతున్నామన్న సంగతి గుర్తుంటే మంచిది. ఎడమ వరండా మేలా, కుడి వరండా మేలా అని కొట్టుకునే హడావుడిలో ఇల్లు ఎవరిదని అడగడం మానేశాం.

నాకు అర్థం కానిదల్లా ఒకటే. అల్లూరుకు బేరం నేర్పాల్సిన పని లేదు. రొయ్యలు కొనే కంపెనీలు నాలుగుంటే మనం ఏ ఒక్కదాని జెండా పట్టుకోం. పొద్దున్నే నలుగురి ధరా కనుక్కుంటాం. కౌంటు దగ్గర గొడవపడతాం, కాటా దగ్గర కన్నేసి ఉంచుతాం, ఐసు బరువు తీశాడా లేదా చూస్తాం. కిలోకు రెండు రూపాయలు ఎక్కువిచ్చినవాడికే లోడెత్తుతాం. నిన్నటిదాకా కొన్నవాడు అలిగితే, వ్యాపారం వ్యాపారమే అబ్బయా అంటాం. విత్తనం కొట్టులో, మేత దుకాణంలో, పడవ ఒడ్డున, ఎక్కడైనా మన నాలుకకు పదునే. ఫోన్ల కొట్టు గుమ్మం ఎక్కగానే ఆ నాలుక మడతపడి భజన మొదలెడుతుంది.

కాబట్టి టీకొట్టు దగ్గర రేపు రచ్చ మొదలైనప్పుడు, నీ ఫోన్ గొప్పా నా ఫోన్ గొప్పా అన్నది పక్కనపెట్టి, రెండు పార్టీలవాళ్లూ ఒకే బల్ల మీద కూర్చుని కొట్టువాణ్ని నిలదీయాల్సినవి కొన్నున్నాయి. ఈ ఫోన్‌కు అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు, కాగితం మీద రాసిస్తారా? బ్యాటరీ మార్చాలంటే ఎంత, నెల్లూరు పోవాలా, చెన్నై పోవాలా? ఉప్పునీళ్లు తగిలితే వారంటీ వర్తిస్తుందా, ఆ షరతు ఎక్కడ దాచారు? నో కాస్ట్ అంటే ఎవరి కాస్ట్, ప్రాసెసింగ్ ఫీజు ఎవరి జేబులోకి? ఒక్క కిస్తీ తప్పితే ఫోన్‌కు తాళం పడుతుందా, పడితే అందులో ఉన్న నా పట్టుబడి లెక్కలు ఎవరివి? ఛార్జర్ ఏది?

వీటికి జవాబు చెప్పినవాడి దగ్గర కొందాం, చెప్పనివాడికి దండం పెట్టి వచ్చేద్దాం. వాడు ఏ పార్టీవాడైతే మనకేం? ఇలా అడగడం మొదలెడితే అభిమానులు తగ్గి కొనుగోలుదారులు పెరుగుతారు. భజన ఆగిపోతే కుపర్టినోకు నష్టం ఉండొచ్చు, మౌంటెన్‌వ్యూకూ ఉండొచ్చు. అల్లూరుకు మాత్రం పైసా నష్టం లేదు. ఇన్నాళ్ల భజనలో అల్లూరుకు పైసా ముట్టింది ఎన్నడు గనక!